జెల్ నడిచిన అడుగులు

రొయ్య పొట్టు మోసుకెళ్ళే రోజుల్లో నేను కాలేజీ బస్సు ఎక్కేదాన్ని కాదు. అందులో అందరూ తెలిసినవాళ్ళే. ముక్కు మూసుకోవడానికి మొహమాటపడతారు, మూసుకోకుండానూ ఉండలేరు. అందుకని భవానీపురంలో సిటీ బస్సెక్కి, బస్టాండులో దిగి, కంకిపాడు వైపు వెళ్ళే బస్సు పట్టుకునేదాన్ని. రెండు పాలిథిన్ కవర్లలో కట్టి గుడ్డసంచిలో పెట్టినా ఆ వాసన ఆగేది కాదు. బెంజి సర్కిల్ దాటేసరికి బస్సు నిండిపోయి మనుషులు నిలబడేవాళ్ళు. నా పక్క సీటు మాత్రం ఖాళీగా ఉండేది. ఒకరిద్దరు కూర్చోబోయి, ఒకసారి గాలి పీల్చి, ఏదో గుర్తొచ్చినట్టు ముందుకి వెళ్ళిపోయేవాళ్ళు. కొన్నాళ్ళకి అలవాటైపోయింది. సంచి లేని రోజున ఎవరైనా వచ్చి పక్కన కూర్చుంటే ఇరుగ్గా అనిపించేది.

నేను ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెబుతాను. నలభై దాటాక పీహెచ్‌డీలో చేరాను. అంతకుముందు పదకొండేళ్ళు నడిచిన పెళ్ళి, పెద్ద గొడవలేమీ లేకుండానే ఆగిపోయింది. కోర్టులో చివరి సంతకాలు పెట్టిన రోజు ఇద్దరం ఎదురుగా ఉన్న హోటల్లో కాఫీ తాగి, చెరో ఆటో ఎక్కాం. పిల్లల్లేరు. భవానీపురంలో రెండు గదుల వాటాలో ఒక్కదాన్నే ఉంటున్నాను. పనిరోజులు ఎలాగోలా గడిచిపోయేవి. సెలవు రోజులు గడిచేవి కావు. పరిశోధనలో చేరడానికి పైకి వేరే కారణాలు చెప్పాను కానీ, సెలవు రోజున కూడా తలుపు తీసుకుని వెళ్ళడానికి ఒక చోటు ఉంటుందన్నదే అసలు కారణమేమో.

నా పని మోకాలికి సంబంధించింది. కీలు దగ్గర ఎముకల చివర తెల్లగా, నున్నగా, లేత కొబ్బరిలాంటి పొర ఒకటి ఉంటుంది. మృదులాస్థి అంటారు. ఆటలో దెబ్బ తగిలో, బండి మీంచి పడో ఆ పొరలో చిన్న గుంట పడితే అది తనంతట తాను పూడదు. దానికి రక్తనాళాలు లేవు కనక చర్మం మానినట్టు మానదు. ఆ గుంటలోకి సూదితో ఒక ద్రవం ఎక్కించాలి. అది లోపల ఒంటి వేడికి జున్నులా గట్టిపడాలి. చుట్టూ ఉన్న కణాలు దానిలోకి పాకి కొత్త పొర అల్లుకునేదాకా బరువు మొయ్యాలి. ఇదీ ఆలోచన. ప్రపంచంలో చాలాచోట్ల చాలామంది చేస్తున్న పనే. అందులో నా వంతు చిన్నది. రొయ్య పొట్టులోంచి తీసిన కైటోసాన్ అనే పదార్థంతో జెల్ చేసి, దానిలో నానో బంకమట్టి కలిపి, ఎంత కలిపితే ఎంత బలం వస్తుందో చూడటం. ఆ మట్టి పలుకులు మామూలు మైక్రోస్కోపుకి కూడా ఆనవు. తక్కువైతే జెల్ చితికిపోతుంది. ఎక్కువైతే సూదిలోంచి దిగదు.

జెల్ మొదటిసారి కుదిరిన రోజు బాగా గుర్తుంది. ఐసు ముక్కల్లో పెట్టిన కైటోసాన్‌లో దాన్ని గట్టిపరిచే ఇంకో ద్రావణం చుక్కచుక్కగా వేసి, చిన్న సీసాలోకి తీసి, ఒంటి వేడి ఉన్న నీళ్ళలో ఉంచాను. పది నిమిషాల తర్వాత సీసాని వంచాను. కదల్లేదు. పూర్తిగా తలకిందులు చేశాను. అప్పుడూ కదల్లేదు. ఎవరికైనా చూపిద్దామని వెనక్కి తిరిగాను. ఫ్రిజ్ చప్పుడు తప్ప ల్యాబులో ఏమీ లేదు. నా గైడు అప్పటికే రిటైరై విశాఖపట్నం వెళ్ళిపోయారు. నాతో పాటు ఈ పని మొదలుపెట్టిన స్నేహితురాలు మందుల కంపెనీలో ఉద్యోగం వచ్చి కాలేజీ మానేసింది. ఫొటో తీసి ఆమెకి పంపాను. రెండు రోజుల తర్వాత బొటనవేలి బొమ్మ ఒకటి వచ్చింది. ఆ రోజు మాత్రం క్లాసుకి టైమయ్యేదాకా సీసాని అలా తలకిందులుగా పట్టుకునే నిలబడ్డాను.

అయితే గట్టిపడితే సరిపోదు. మోకాల్లో పడ్డ జెల్ మీద మనిషి నడుస్తాడు. దాన్ని వేలసార్లు నొక్కి వదిలి చూడాలి. అలాంటి యంత్రాలు పెద్ద పెద్ద సంస్థల్లో ఉంటాయి. ఉత్తరాలు రాసి, అనుమతులు తెచ్చుకుని, వాళ్ళిచ్చిన రోజున వెళ్ళాలి. రెండుసార్లు వెళ్ళి విసిగిపోయాక, ఒక మధ్యాహ్నం కాగితం మీద నాకొచ్చినట్టు బొమ్మ గీసుకుని ఆటోనగర్‌లో బస్సు దిగాను.

మొదటి మూడు కొట్లలోనూ ఒకటే ప్రశ్న. "ఎన్ని పీసులు కావాలి?" ఒకటే అనగానే వాళ్ళ చూపు నా మీంచి పక్కకి వెళ్ళిపోయేది. నాలుగోది రేకుల కింద ఉన్న లేత్ కొట్టు. అరవైకి దగ్గర పడుతున్న ఆయన ఎత్తు స్టూలు మీద కూర్చుని, ఎడమకాలు బారుగా చాపుకుని పని చేసుకుంటున్నాడు. ఆ చుట్టుపక్కల అందరూ ఆయన్ని మేస్త్రీ అనే పిలుస్తారు. నేనూ మేస్త్రీ గారనే పిలిచాను.

"ఏం నొక్కాలి మేడం గారూ?" కాగితం అటూ ఇటూ తిప్పి అడిగాడు.

"రూపాయి బిళ్ళంత ముక్కండీ. జున్నులా ఉంటుంది."

"జున్ను నొక్కడానికి మెషీనెందుకండీ? వేలితో నొక్కితే పోద్ది."

"వేలితో ఎన్నిసార్లు నొక్కుతానండీ? వేలసార్లు నొక్కాలి. మనిషి నడిచినట్టుండాలి."

లేత్ ఆపేశాడు. "నడిచినట్టా? ఎవరు నడవాలి?"

మోకాలు సంగతి అంతా చెప్పాను. పాఠం చెప్పినట్టు చెప్పానేమో, మధ్యలో నాకే సిగ్గేసింది. ఆయన మాత్రం ఎడమ మోకాలి మీద చెయ్యి వేసుకుని కదలకుండా విన్నాడు.

పది రోజుల్లో యంత్రం తయారైంది. పాత లారీ వైపర్ మోటారుకి ఒక కమ్మీ బిగించి, అద్దం మీద అటూ ఇటూ తిరగాల్సినదాన్ని పైకీ కిందకీ ఆడేలా చేశాడు. కింద స్టీలు తొట్టి. దానిలో ఉప్పునీళ్ళు ఒంటి వేడిలో ఉండటానికి చేపల తొట్టెల్లో వాడే హీటరు. పక్కన ఎన్నిసార్లు నొక్కిందో చూపించే కౌంటరు. "వానాకాలమంతా లారీ అద్దం తుడిచిన మోటారండీ ఇది. మీ జున్ను ముందు అలిసిపోద్ది గానీ ఇది అలవదు," అన్నాడు.

నిజంగానే జున్నే ముందు అలిసిపోయింది. మట్టి కలపని జెల్ గంట తిరక్కుండానే చితికిపోయింది. ఆ సాయంత్రం టీ వేళకి ఫోను మోగింది. మోటారు ఎలా ఉందో కనుక్కోవడానికి చేశాడనుకున్నాను.

"మోటారు సంగతి నాకు తెలుసులెండి. జెల్లు ఎన్ని అడుగులు నడిచింది?"

కౌంటరు చూసి చెప్పాను. మూడు వేలు కూడా లేవు.

ఆయన కాసేపు లెక్క వేసుకున్నాడు. "అంటే మా కొట్టు కాడ బయల్దేరి బెంజి సర్కిల్ దాకా పోయుంటది. పర్లేదు, మొదటిరోజే కదా."

అప్పటినుంచి వారానికి మూడు నాలుగుసార్లు, టీ వేళకి ఆ ఫోను వచ్చేది. మేడం గారూ అన్న పిలుపు కొన్నాళ్ళకి అమ్మా అయింది. మట్టి పాళ్ళు పెంచుతూ పోయాను. జెల్ ఒకరోజు పోరంకి చేరింది, ఇంకోరోజు పెనమలూరు దాటింది. కంకిపాడు చేరిన రోజున ఆయన ఫోనులో గట్టిగా నవ్వాడు. "ఇహ మీ కాలేజీకి అదే నడిచొచ్చేసిద్ది, మీకు బస్సెందుకు?" అన్నాడు. మట్టి ఎక్కువై సూది పూడుకుపోయిన రోజుల్లో, ఇంజన్ ఆయిల్ కూడా చిక్కబడితే అంతేనని ఓదార్చేవాడు. నేను మధ్యాహ్నం మూడున్నర నుంచే ఫోను బల్ల మీద, కంటికి ఆనేలా పెట్టుకోవడం మొదలుపెట్టాను. రోజు మొత్తం మీద క్లాసులో పాఠం కాకుండా నేను మాట్లాడే మాటలు చాలావరకు అవే.

తర్వాత మేక మోకాళ్ళ మీద పరీక్షలు పెట్టాను. ఆదివారం పొద్దున్నే మాంసం కొట్టు ముందు అందరూ కైమా, లివరు అడుగుతుంటే నేను నాలుగు మోకాలి కీళ్ళు అడిగేదాన్ని. కొట్టతను ఒకసారి, "ఎంతమంది మేడం ఇంట్లో? సూపు బాగా తాగుతారా?" అన్నాడు. అవునన్నాను. ఆ తెల్లటి పొరలో చిన్న గుంట తవ్వి, జెల్ ఎక్కించి, యంత్రం కింద పెట్టేదాన్ని.

ఎక్స్-రే చూసింది ఆ రోజుల్లోనే. యంత్రంలో కమ్మీ ఆడే చోట బుష్ అరిగిపోతే మార్పించడానికి ఆటోనగర్ వెళ్ళాను. పనయ్యాక మేస్త్రీ గారు గోడ మీది బైబిల్ వాక్యాల కేలండరు వెనక నుంచి పెద్ద కవరు తీసి నా చేతికిచ్చాడు.

"చూడండమ్మా. నా కాలు."

వెలుతురుకి ఎత్తి చూశాను. నేను ఎముకల డాక్టర్ని కాను. కానీ అది చూడటానికి డాక్టరు కానక్కర్లేదు. పై ఎముకకీ కింది ఎముకకీ మధ్య ఉండాల్సిన ఖాళీ లేదు. లోపలివైపు ఎముక మీద ఎముక ఆనుకుని ఉంది. అక్కడ పూడ్చడానికి గుంట లేదు. మొత్తం పొరే అరిగిపోయింది.

"ఆదివారం చర్చిలో అందరూ మోకరిస్తారమ్మా," అన్నాడాయన. "నేనొక్కణ్ణే వెనక కుర్చీలో కూర్చుంటాను. మా ఆవిడ పోయినప్పుడు కూడా మోకాళ్ళూనలేకపోయాను. అదొక్కటే నాకు కష్టంగా ఉంటది. మీ జెల్లు నిలబడిందనుకోండి, నాకూ ఒక సూది వేద్దురుగాని."

అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఇది మీలాంటి మోకాలికి కాదండీ, మీకు వేరే వైద్యం కావాలి అంటే సరిపోయేది. మాట నోటిదాకా వచ్చింది. చెబితే రేపటి నుంచి ఈయన ఫోను చెయ్యడనిపించింది. అంతే. అంతకన్నా పెద్ద కారణం లేదు.

"చూద్దామండీ," అన్నాను. "ముందు ఇది నిలబడనివ్వండి."

ఆ మాట మీద చాలా నెలలు గడిచాయి. ఆయన అడిగినప్పుడల్లా జెల్ ఎంత దూరం వెళ్ళిందో చెప్పేదాన్ని. మోకాలి సంగతి వస్తే ఇంకా టైముందనేదాన్ని. అదీ నిజమే కనక అబద్ధమాడుతున్నట్టు అనిపించేది కాదు.

జెల్ ఉయ్యూరు దాటిందని చెప్పిన వారంలో, రెండో శనివారం, ఆయన ఆటో కట్టించుకుని కాలేజీకి వచ్చాడు. చాకిరేవు నుంచి తెచ్చిన తెల్లచొక్కా వేసుకుని, మెట్ల దగ్గర రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కాడు. తన యంత్రం ఆడుతుంటే చాలాసేపు చూశాడు. నేను సిరంజిలో జెల్ నింపి, వేడినీళ్ళలోకి వదిలి, అది పడ్డచోటే గట్టిపడటం చూపించాను. వేలితో నొక్కి చూశాడు. ముఖం వెలిగిపోయింది. తర్వాత కుర్చీలో కూర్చుని, ప్యాంటు ఎడమకాలు మోకాలి పైకి మడిచాడు.

"వేసెయ్యండమ్మా."

నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.

"అలా వెయ్యకూడదండీ. ఇది బజారులో పొట్టు తెచ్చి ఇక్కడ కాచింది. మనుషులకి వేసేది కాదు. పైగా నేను డాక్టర్ని కాను. చీము పడితే కాలే పోతుంది."

"సంతకం పెడతాను. ఏమైనా నాదే బాధ్యత. ఎవరో ఒకరి మీద మొదట వెయ్యాలిగా?"

"దానికి చాలా పద్ధతి ఉందండీ. ముందు జంతువులు, తర్వాత..."

"ఎన్నేళ్ళు?"

ఆయన మడిచిన ప్యాంటు అలాగే ఉంచుకుని నా వైపే చూస్తున్నాడు. ఆ మోకాలు వాచి, పక్కకి వంగి ఉంది. ఇక తప్పలేదు.

"ఎన్నేళ్ళయినా ఇది మీకు పనికిరాదు మేస్త్రీ గారూ. ఇది చిన్న గుంట పడ్డవాళ్ళకి. మీకు పొర మొత్తం పోయింది. ఆపరేషన్ చేసి మోకాలు మార్చాల్సిందే."

"ఈ సంగతి ఎప్పుడు తెలిసింది మీకు?"

"ఎక్స్-రే చూసినప్పుడు."

ఆయన వంగి ప్యాంటు కిందికి దించుకున్నాడు. ముడతలు చేత్తో సవరించుకున్నాడు. వెళ్తూ వెళ్తూ యంత్రం దగ్గర ఆగి, వదులైన నట్టు ఒకటి వేళ్ళతోనే బిగించి వెళ్ళాడు.

ఫోను రావడం ఆగిపోయింది. మొదటి వారం నేనే చేద్దామనుకున్నాను. ఏం చెప్పాలో తెలియక మానేశాను. తర్వాత చెయ్యకపోవడమే సులువైంది. యంత్రం మాత్రం ఆడుతూనే ఉంది. మట్టి పాళ్ళు చివరికి కుదిరాయి. సూదిలోంచి జారేంత పలచన, నొక్కితే చెదరనంత గట్టి. కౌంటరు మీద లక్ష పడిన రోజు నేను దాని ఎదురుగానే ఉన్నాను. ఆయన లెక్కలో అయితే బందరు చేరినట్టు. పక్కన క్లాసుల్లోంచి పిల్లల గోల వినిపిస్తోంది. ఫోను తీసి ఆయన నెంబరు నొక్కాను. మోగి మోగి ఆగిపోయింది. నోటుబుక్కులో అంకె రాసుకుని, మోటారు ఆపి, తొట్టి కడిగి బోర్లించాను. ఆ సాయంత్రం బస్సులో నా పక్కన ఒకావిడ కూర్చుంది. నిద్రపోతున్న పసిపిల్ల కాళ్ళు నా ఒళ్ళోకి వచ్చాయి. ఆవిడ సర్దబోతే వద్దన్నాను, ఉండనివ్వండి అన్నాను. కంట్లో నీళ్ళు తిరిగాయి. ఎందుకో ఆవిడకి చెప్పగలిగేది కాదు.

ఫోను తియ్యకపోవడం మనసులో పీకుతూనే ఉంది. నాలుగు రోజుల తర్వాత ఆటోనగర్ వెళ్ళాను. కొట్టు మూసి ఉంది. పక్క కొట్టాయన, "ఆపరేషనయిందండీ. మోకాలు మార్చారు," అని, కానూరు వైపు ఉన్న ఇంటి గుర్తులు చెప్పాడు.

తలుపు తీసింది ఆయన కూతురు. ముప్ఫై ఏళ్ళుంటాయి. ఆటోనగర్ నుంచి వస్తున్నానంటే కొట్టు పని మీద వచ్చాననుకుని లోపల కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చింది.

"నాన్న పడుకున్నారండీ. ఇప్పుడు లేస్తారు. నిరుడే చెయ్యాల్సిన ఆపరేషనండీ ఇది. డేటు కూడా ఇచ్చారు. ఈయనే వద్దని కూర్చున్నారు. ఎవరో కాలేజీ మేడం ఇంజెక్షన్ కనిపెడుతోందంట, కొయ్యకుండానే తగ్గిపోద్దంట. ఎంత చెప్పినా వినలేదు. ఈలోపు కాలు ఇంకా వంకరపోయింది. డాక్టరు గారు తిట్టారు కూడా."

గ్లాసు కింద పెట్టాను.

"ఆ మేడం నేనేనండీ."

ఆ అమ్మాయి నా వైపు అలాగే చూసింది. తిడుతుందేమో అనుకున్నాను. తిడితే బాగుండును. "ఓహో," అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కాసేపటికి మేస్త్రీ గారు లోపలి గదిలోంచి వాకరు పట్టుకుని వచ్చాడు. బాగా చిక్కాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. కుర్చీలోకి మెల్లగా దిగి, ఆపరేషనయిన కాలు ముందుకి చాపుకున్నాడు. ఏదో మర్యాదకి నొప్పి గురించి అడిగాను, ఆయనా మర్యాదకే చెప్పాడు. కాలు తిన్నగా వస్తుందట. నడక బాగుంటుందట. మోకాళ్ళూనడం మాత్రం మంచిది కాదన్నారట.

"నేను అప్పుడే చెప్పాల్సిందండీ," అన్నాను. "తెలిసీ చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదమ్మా?" కోపంగా అడగలేదు. తెలుసుకుందామనే అడిగాడు.

అబద్ధం చెప్పడానికి ఏమీ తట్టలేదు. "చెబితే మీరు ఫోన్ చెయ్యడం మానేస్తారేమోనని."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. కూతురు వింటోందని తెలుస్తూనే ఉంది.

"ఫోన్ చెయ్యండి మేస్త్రీ గారూ అంటే చేసేవాణ్ణి కదమ్మా," అన్నాడాయన. "దానికి నా కాలెందుకు?"

టీ వచ్చింది. ముగ్గురం తాగాం. నేను లేస్తుంటే కూతురు గుమ్మం దాకా వచ్చి, వాకిట్లో మెట్టు విరిగింది చూసుకోండి అంది.

జెల్ తర్వాత ఒక పశువైద్య కాలేజీకి వెళ్ళింది. ఐసు పెట్టెలో సీసాలు పెట్టి నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. కుందేళ్ళ మోకాళ్ళలో పెట్టి చూశారు. కొన్నిటిలో గుంట చక్కగా పూడింది. కొన్నిటిలో జెల్ అంచు ఊడి పక్కకి వచ్చేసింది. అతుక్కునే గుణం ఇంకా కావాలి. ఇప్పుడు దాని మీద పని చేస్తున్నాను. థీసిస్ అయిపోయింది. పేరు ముందు డాక్టరు చేరింది. ఆ పేరుతో పిలిచేవాళ్ళు కాలేజీ గేటు లోపలే ఉన్నారు.

మేస్త్రీ గారు కోలుకున్నాక రెండుసార్లు ఫోను చేశాడు. రెండుసార్లూ ఇద్దరికీ మాటలు త్వరగా అయిపోయాయి. తర్వాత చెయ్యలేదు. నాకది న్యాయంగానే అనిపించింది.

మొన్న వేసవిలో ఒక మధ్యాహ్నం కాలేజీ నుంచి తొందరగా బయల్దేరాను. ఇంటికి వెళ్ళాలనిపించలేదు. ఆటోనగర్ గేటు దగ్గర దిగి, ఎండలో నడుచుకుంటూ ఆ రేకుల కొట్టుకి వెళ్ళాను. ఆయన నిలబడి లేత్ మీద ఏదో షాఫ్టు తిప్పుతున్నాడు. కాలు తిన్నగా ఉంది. నన్ను చూసి నా చేతుల వైపు చూశాడు. కాగితం గానీ, అరిగిన సామాను గానీ ఏమీ లేవు.

"ఏం పని పడిందమ్మా?"

"పనేం లేదండీ. ఊరికే వచ్చాను."

ఆయన భుజం మీది గుడ్డ తీసి, స్టూలు మీది ఇనప రజను దులిపి నా వైపు జరిపాడు.

"కూర్చోండి. ఇది అవగానే టీ చెప్తాను."

కూర్చున్నాను. లేత్ మళ్ళీ తిరగడం మొదలైంది. ఆ చప్పుడులో మాట్లాడుకోవడానికి కుదరదు. షాఫ్టు అవడానికి చాలాసేపు పట్టింది.